ఖండించమన్న నాయన

పొద్దున మనవరాలు పేపరు చదువుతూ, “ఖండించిండు అంటే తిట్టిండనా అమ్మమ్మా?” అని అడిగింది. కాదు, ముక్కలు చేయడమని, ఎదుటివాడి వాదం నిలవదని చూపడమని చెప్పాను గానీ, అప్పటినుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. వంటింట్లోకి పోతున్నాను, ఎందుకు వచ్చానో మరిచి తిరిగి వస్తున్నాను.

మా నాయన ఏన్కూరులో తెలుగు పంతులు. ఖండమంటే సంస్కృతంలో ముక్క అనీ, మనం నోట్లో వేసుకునే కలకండలోనూ ఆ మాటే కరిగి ఉందనీ అన్నం తింటూ కూడా చెప్పేవాడు. అంతటి మాటకారి, నర్సు ట్రైనింగు పూర్తయి నాకు భద్రాచలం అవతల అడవి ఊళ్లో ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం వద్దన్న ఒక్క ముక్క తప్ప ఏమీ అనలేదు. నేను తిండి మానేసి దొడ్లోకీ వాకిట్లోకీ తిరుగుతుంటే, చివరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“ముందు నా మాట నువ్వే చెప్పు బిడ్డా. నాకంటే గట్టిగ చెప్పు. గప్పుడు ఖండించు.”

వానలకు దారి మూసుకుపోతుందనీ, అడవి జ్వరాలనీ, ఒంటరి ఆడపిల్లననీ గడగడా చెప్పేశాను. అంతేనా అన్నట్టు చూశాడు. గట్టిగా చెప్పాలంటే ఇంకొకటి ఉందని నాకు తెలుసు. మా ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి అది. ఆయన చెల్లెలిని, మా మేనత్తను, అటువైపు ఊళ్లోనే ఇచ్చి పెళ్లి చేశారు. కాన్పు కష్టమై దవాఖానాకు తెస్తుంటే ఎడ్లబండిలోనే ప్రాణం పోయింది. ఆ సంబంధం కుదిర్చింది నాయనే. అదీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన కండువా కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

“అత్త దవాఖానా దాకా రాలేకపోయింది నాయినా. నర్సే ఆ ఊళ్లె ఉంటే బతికేదేమో. నన్ను గందుకే పోనియ్యి,” అన్నాను.

ఆయన లేచి లోపలికి పోయాడు. గెలిచానన్న సంతోషం నాకేమీ కలగలేదు. బయలుదేరిన రోజు నా పెట్టె బస్సు దాకా ఆయనే మోసుకొచ్చాడు. ఆ వానాకాలమే దారి మూసుకుపోయింది, నేను జ్వరాన పడ్డాను. ఆయన భయపడ్డవన్నీ జరిగాయి. అయినా అక్కడే ఉన్నాను, ఎన్ని కాన్పులు చేశానో, ఎందరు పిల్లల తొలి ఏడుపు విన్నానో.

ఇప్పుడా ఊరికి తారురోడ్డు పడింది, పిలిస్తే అంబులెన్సు వస్తుంది. ఒకసారి పోయి చూసొస్తానంటే మా కూతురు నా మోకాళ్ల సంగతెత్తి అక్కడికక్కడే కొట్టిపారేసింది, నేనూ అంతే జల్దీగా మాట విసిరాను. రెండు రోజులుగా ఇద్దరం ముభావంగా తిరుగుతున్నాం. ఒకరి భయాన్ని ఇంకొకరు నిండుగా పలికి చూపే ఓపిక ఇళ్లలోంచి ఎప్పుడు వెళ్లిపోయిందో, మన తరం వాళ్లం కూడా గమనించలేదు.