మామ్మగారి నక్షత్రం

నా చిన్నప్పుడు గుండుగొలనులో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక మనిషి నడిచేంత సందు ఉండేది. పక్కింట్లో బడి మాస్టారు, ఆయన భార్య, చంటిపిల్లాడు, మాస్టారి తల్లి ఉండేవారు. ఆయన భార్యని అక్క అనీ, తల్లిని మామ్మగారు అనీ పిలిచేదాన్ని. వాళ్ళది పాత పెంకుటిల్లు. మాస్టారి తండ్రి ఎప్పుడో అటకకి బల్లలు పరిపించి, కిటికీ పెట్టించి, మెట్లు వేయించి గదిలా చేయించారు. కొల్లేటి మీదుగా వచ్చే గాలి బాగా తగులుతుందని మాస్టారూ అక్కా పిల్లాడితో అక్కడే పడుకునేవారు.

ఆ గది నడుమ ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక అడ్డదూలం ఉండేది. వంగి దాటాలి. ఒకరోజు అక్క పిల్లాడిని ఎత్తుకుని దాటబోయి నుదురు కొట్టుకుంది. పిల్లాడు చేతుల్లోంచి జారబోయాడు. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడే మనిషిని పిలిపించి దూలం కోయించేశారు. పెళ్ళాంబిడ్డల మీద ప్రేమతో చేసిన పనే, కాదనను. కానీ కప్పు బరువుకి గోడలు బయటికి తోసుకుపోకుండా రెండింటినీ పట్టుకుని ఉన్నది ఆ దూలమే.

వానలు మొదలయ్యాక మా తాతయ్య రోజూ సందులో నిలబడి ఆ గోడకేసి చూసేవారు. దాని పైభాగం మా వైపు పొట్టలా ఉబ్బింది. చూరు కింద బీటలో మొదట వేలు పట్టేది, తరువాత అరచెయ్యి పట్టింది. తాతయ్యది పౌరోహిత్యం, వడ్రంగం పని తెలియదు. ఆ బీట కనబడడానికి కళ్ళుంటే చాలు. వెళ్ళి చెప్పారు, మళ్ళీ వెళ్ళి చెప్పారు. రెండోసారి మాస్టారికి కోపం వచ్చింది. "తమరు పంచాంగం చూసి చెప్పండి బాబాయిగారూ, అది చాలు. మా ఇంటి సంగతి నేను చూసుకుంటానండీ" అన్నారు. తాతయ్య ఇంటికి వచ్చేశారు.

ఆషాఢ పౌర్ణమి వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం మామ్మగారు పోయారు. మంచినీళ్ళు అడిగి తాగి, గోడవైపు తిరిగి పడుకున్నారట, అంతే. మా వైపు ఇంట్లో ఎవరైనా పోతే ముందు అడిగేది నక్షత్రం సంగతే. ధనిష్ఠ మొదలుకుని రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో పోతే దాన్ని ధనిష్ఠా పంచకం అంటారు. ఆ ఇల్లు నెలల తరబడి విడిచిపెట్టాలి, లేకపోతే ఇంకో ప్రాణం పోతుందని భయం. తాతయ్య శవం పక్కన నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "ధనిష్ఠ వచ్చేసింది నాయనా. ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి. కర్మ కూడా ఇక్కడ వద్దు" అన్నారు.

నేను తెల్లబోయాను. రోజూ పొద్దున్నే తాతయ్యకి పంచాంగం చదివి వినిపించేది నేనే. ఆ రోజు దీపాలు పెట్టే వేళ దాకా శ్రవణమే. శ్రవణానికి ఏ దోషమూ లేదు. నోరు తెరవబోతే తాతయ్య నా భుజం పట్టుకుని నొక్కారు. అంత గట్టిగా ఆయన నన్నెప్పుడూ పట్టుకోలేదు. దహనం కాగానే అక్క అటక గదిలో కట్టిన ఉయ్యాలైనా విప్పకుండా పిల్లాడిని తీసుకుని దెందులూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. మాస్టారు తాళం వేసి వెనకాలే వెళ్ళారు.

భాద్రపదంలో ముసురు పట్టింది. ఒక పట్టపగలు ఆ గోడ మా సందులోకి కూలి, దానితో పాటు కప్పూ అటకా కిందికి వచ్చేశాయి. పెంకుల కింద నుంచి ఉయ్యాల ముక్కలు తీశారు. అక్క వాటిని చూసి, పిల్లాడు ఉక్కిరిబిక్కిరయ్యేలా వాణ్ణి హత్తుకుంది.

మా తాతయ్య ఇంత గొప్పవారా అని పొంగిపోయాను. ఊరు మాత్రం ఇంకోలా అంది. "చూశారాండీ, ధనిష్ఠ ఊరికే పోతుందా! పోతూ పోతూ కొడుకు కొంప కూల్చింది మహాతల్లి" అన్నారు. దూలం మాట ఎవరూ ఎత్తలేదు. మాస్టారు తల్లి ఫోటో గోడకి పెట్టలేదు. మరుసటేడు ఆడపిల్ల పుడితే నాయనమ్మ పేరు పెట్టాలి కదా, ఆ పేరు ఇంట్లో వినపడకూడదన్నారు. చిన్నతనంలోనే భర్త పోతే, అప్పడాలు వత్తి ఆ కొడుకుని చదివించిన మనిషి ఆవిడ. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తాతయ్య తట్టుకోలేక వెళ్ళి నిజం చెప్పేశారు. ఆ వేళ నేనూ వెంట ఉన్నాను. మాస్టారు చేతులు జోడించి, "మా బాధ చూడలేక అంటున్నారు బాబాయిగారూ. శాస్త్రం అబద్ధం అవుతుందాండీ?" అన్నారు. కోయించిన దూలం కంటే తల్లి నక్షత్రాన్ని నమ్మడమే ఆయనకి తేలికైంది. ఇంటికొచ్చాక తాతయ్య అరుగు మీద కూలబడ్డారు. "బతికున్నవాళ్ళ మీద వేస్తే ఒప్పుకోరు తల్లీ. పోయినావిడ కాదనదు కదా అని ఆవిడ మీద వేశాను" అని ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ చంటిపిల్లాడు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నాడు. అందుకని తాతయ్య చేసింది తప్పని అనలేను. ఒప్పని అనడానికీ నోరు రాదు. నాకు కూతురు పుట్టినప్పుడు అత్తవారింట్లో అందరితో పోట్లాడి మామ్మగారి పేరు పెట్టుకున్నాను. ఆ పేరుతో పిల్లని పిలిచిన ప్రతిసారీ, ఈ నింద మోస్తావా అని ఆ వేళ ఆవిడని అడిగినవాళ్ళు ఎవరూ లేరన్న సంగతి గుర్తొస్తుంది.