సీతమ్మధార శాకాహారులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది. నేర్చుకున్న చదువుతో ముందుగా ఇంట్లోవాళ్లకే ఏదో ఉపకారం చేసెయ్యాలనుకునేదాన్ని. ఆ జబ్బు బాగా ముదిరి ఉండగా దువ్వాడ దగ్గర ఒక ల్యాబ్‌లో చేరాను. అక్కడ చేసే పనేమిటో చెబితే పెళ్లి సంబంధాలు వచ్చేలా లేవు. (మా అమ్మ అందరికీ "కంప్యూటర్ పని" అని చెప్పుకునేది.) మనం తిన్నది ఒంట్లో అరిగి విరిగి చిన్న చిన్న పదార్థాలుగా మిగులుతుంది. వాటిని మెటబోలైట్లంటారు. మూత్రంలో అవి ఏవెంత ఉన్నాయో ఒక పెద్ద మెషిన్ గీత గీసి చూపిస్తుంది. గీత ఎక్కడ కొండలా లేస్తే అక్కడ ఆ పదార్థం ఎక్కువున్నట్టు. మా పై అధికారిణి పొద్దస్తమానం ఆ కొండల్నే చూస్తూ కూర్చునేది కాబట్టి ఆవిడకి మేం శిఖరం మేడం అని పేరు పెట్టుకున్నాం. సముద్రపు చేపలు తిన్నవాళ్ల గీతలో ఒకచోట ఒక కొండ లేస్తుంది. మా పరిశోధనంతా దాని మీదే.

చేపలు తినేవాళ్లు తీరం వెంబడి పేటల్లో కావలసినంతమంది దొరికారు. విశాఖలో దొరకనిది తిననివాళ్లు. పోల్చి చూడ్డానికి శాకాహారులు కావాలని మేడం అనగానే నేను చెయ్యెత్తేశాను. అప్పట్లో నేను సీతమ్మధారలో మా మావయ్య ఇంట్లో ఉండేదాన్ని. మావయ్య పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. కొన్నేళ్ల కిందట అత్తకి పెద్ద ఆపరేషన్ జరిగితే, ఆవిడ గట్టెక్కాలే గానీ ఈ జన్మలో చేప ముట్టనని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాడు. అత్త గట్టెక్కింది. ఆయన తిననిది తనకెందుకని ఆవిడా మానేసింది. నేను చేపల పులుసు తింటూ పెరిగినదాన్నే. కానీ ఆ ఇద్దరి అన్యోన్యత చూసి, గౌరవంతో ఆనపకాయా బీరకాయా తింటూ ఉండిపోయాను. (అప్పుడప్పుడు కళ్లలో నీళ్లు తిరిగేవి. కొంత గౌరవం వల్లే.)

చిన్న సీసాలు చేతికిస్తే అత్త తిప్పి తిప్పి చూసి, "ఓలమ్మ, ఇది కూడా సదువేనేటి?" అంది. ఇద్దరివీ తీసుకెళ్లాను. పనిలో పని, నాదీ ఇచ్చాను.

వారం తిరక్కుండా మేడం పిలిచింది. తెర మీద రెండు కొండలు, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన దాని తమ్ముడు నిలబడ్డట్టు.

"వీళ్లు శాకాహారులా?"

"మా మావయ్యా అత్తా అండి. చాలా నిష్ఠగా ఉంటారు."

"సీసాలు మార్చేశావా, మెషిన్ పాడు చేశావా? రెంటిలో ఒకటి చెప్పు. నీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉంది."

ఒకరి ఫలితం ఇంకొకరికి చెప్పబోమని వాళ్లకి మాటిచ్చాం. అందుకని విడివిడిగా అడగాల్సి వచ్చింది. ముందు మావయ్యని మేడ మీద పట్టుకున్నాను.

"ఆ మిషనికి అది కూడా తెలిసిపోద్దేటి?" అన్నాడు, మెట్లవైపు చూస్తూ.

"తెలిసిపోయింది మావయ్యా."

"వాకింగుకని హార్బరెల్తాను కదా. అక్కడ బోటున్న మా బావ ఒకడు పులుసు వండుతాడు. అయినా నాను మొక్కు తప్పలేదమ్మా. సేప ముట్టనన్నాను, ముట్టలేదు. సెంచాతో తింతన్నాను." గొంతు తగ్గించి, "మీ అత్తకి మాత్రం సెప్పకు. పాపం, నా కోసం మానేసింది. తెలిస్తే గుండాగిపోద్ది" అన్నాడు.

తర్వాత వంటింట్లో అత్త. బీరకాయ చెక్కు తీస్తున్న చెయ్యి ఆగింది.

"మా ఒదినింటికి కుట్టుపనికని ఎల్తాను కదా. కుట్టేదేటీ లేదు. నెత్తళ్ల ఏపుడు." కొంగు కళ్లకద్దుకుంది. "ఆయన నా పేనం కోసం మానీసినారు, మహానుబావుడు. తెలిస్తే నా మొకం ఎలా సూపించాలి?"

మర్నాడు మేడంతో, సీసాలూ మెషినూ రెండూ బాగానే ఉన్నాయన్నాను. ఆవిడ మొదటిసారి తెర మీంచి చూపు తిప్పింది.

"ఇద్దరూ తింటున్నారా? ఒకరికొకరు తెలియకుండానా?"

"అవునండి."

"అయితే ఇద్దర్నీ చేపలు తినేవాళ్ల గ్రూపులో వెయ్యి."

ఆ గ్రూపులోవాళ్లు కొన్నాళ్లు చేప మానేసి, తర్వాత ల్యాబ్‌లోనే మా ఎదురుగా చేప తిని, మళ్లీ సీసాలివ్వాలి. రెండో వాళ్లకి తెలియకూడదన్న షరతు మీద ఇద్దరూ విడివిడిగా ఒప్పుకున్నారు. నేను సోమవారం మావయ్యకీ బుధవారం అత్తకీ కేటాయించాను. వంటాయన బుధవారం రానన్నాడట. మేడం నాకు చెప్పకుండా అత్తకి ఫోన్ చేయించి సోమవారమే రమ్మంది.

నేను సీసాల ట్రేతో భోజనాల గదిలోకి వెళ్లేసరికి అత్త వంజరం ముక్క ముందు కూర్చుని ఉంది. గుమ్మంలో మావయ్య. చొక్కా జేబులోంచి చెంచా కనిపిస్తోంది.

"ఏటండీ, మీరిక్కడ?"

"అమ్మాయికి క్యారేజీ తెచ్చాను" అన్నాడు మావయ్య. చేతిలో ఏమీ లేదు. "నువ్వేటే?"

"నానూ క్యారేజీకే" అంది అత్త, ప్లేటు కొంగుతో కప్పుతూ.

సరిగ్గా అప్పుడే మేడం లోపలికొచ్చి, "చేపలు తినేవాళ్లు ఇద్దరూ వచ్చేశారా? వడ్డించండి" అంది.

మావయ్య మెల్లగా వచ్చి అత్త పక్కన కూర్చున్నాడు.

"ఆ సెంచా ఏటి?"

"మొక్కు గురించి."

అత్త చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత తన ముక్క విప్పి, ముళ్లన్నీ ఏరి, ఆయన ప్లేటులో పెట్టింది. "సెంచాతో ముల్లు తెలీదు. ఇన్నాళ్లూ ఎలా తిన్నారో ఏటో" అంది. మావయ్య తలొంచుకుని చెంచాతో తిన్నాడు. మేడం గొంతు సవరించుకుని, పూర్తిగా తిన్నారో లేదో చూసి రాసుకోమని నాకు చెప్పి బయటికెళ్లిపోయింది.

ఆ వారం నుంచే ఇంట్లో పులుసు ఉడకడం మొదలైంది. అత్త ముళ్లు ఏరేది, మావయ్య చెంచాతో తినేవాడు, అప్పన్నకి ఏ లోటూ రాలేదు. నా కాంట్రాక్టూ పొడిగించారు, ఒక్క షరతు మీద. చివరిదాకా నిలిచిన శాకాహారి సీసా ఆ ఇంట్లో నాదొక్కటే కాబట్టి, పరిశోధన పూర్తయ్యేవరకూ నేను చేప ముట్టకూడదు. "ముక్కొద్దులే, ఒట్టి పులుసేసుకోమ్మా" అనేది అత్త జాలిగా. పులుసు కూడా మెషిన్‌కి తెలుస్తుందని చెప్పి ఆనపకాయ కలుపుకునేదాన్ని. మావయ్య చెంచా ఇవ్వబోయాడు గానీ, అది నాకు పనిచెయ్యదు.

ఇప్పుడు నా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకి ఆనాటి గ్రాఫు చూపిస్తుంటాను. వాళ్లంతా కొండలే చూస్తారు. నా చూపు మాత్రం అట్టడుగున ఒక్క మిట్ట కూడా లేకుండా సాగిపోయిన సన్నగీత మీదికి పోతుంది. ఎదురుగా వంజరం పులుసు పొగలు కక్కుతుంటే, ఆ పిల్ల, పాపం, ఎంత బుద్ధిగా ఆనపకాయ తిందో!