గేటు లోపలి గట్టయ్య

జమ్మికుంట బజారులో బట్టల దుకాణం ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్లను పిలవడమే గట్టయ్య ఉద్యోగం. "రా అక్కా, రా! కొనకున్నా మంచిదే, చూసి పో!" అని బజారు దద్దరిల్లేలా అరిచేవాడు. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. పేర్లూ వరసలూ నోటి మీదే ఉండేవి. పెళ్లి బట్టలకని వచ్చినవాళ్లను గొర్రెల మందను తోలినట్టు లోపలికి తోలేవాడు. వాళ్లు మూటలతో బయటికి రాగానే ఎదుటి అరుగు మీద గాజులమ్మే భూలక్ష్మి దగ్గరికి పంపేవాడు. భూలక్ష్మి ఊరుకునే మనిషా! "గట్టన్నా, నీ గొంతుకు నా గాజులు పగులుతున్నయి!" అని అక్కడి నుంచే ఎత్తిపొడిచేది. చాయ్ బండి దగ్గర నవ్వులు మొదలయ్యేవి.

దుకాణం యజమాని సేటు పోయాక కొడుకులు దాన్ని అమ్మేసుకున్నారు. గట్టయ్య భార్య అంతకుముందే కాలం చేసింది. పిల్లల్లేరు. పట్నం వచ్చి మాదాపూర్‌లో ఒక అద్దాల మేడకు సెక్యూరిటీగా కుదిరాడు. పిలిచి పిలిచి బతికినవాడికి మనుషులను ఆపే పని దొరికింది, చూడండి! మొదటి వారంలో అలవాటు కొద్దీ ఒక ఉద్యోగినిని "రా బిడ్డా, రా" అన్నాడు. ఆ పిల్ల బెదిరిపోయి ఫిర్యాదు చేసింది. సూపర్‌వైజర్ భీమేశ్వరరావు మర్యాదస్తుడే. "అలా పిలవకూడదండీ. కార్డు చూడటం, పంపించటం, అంతే" అన్నాడు. అప్పటి నుంచి గట్టయ్య కార్డులే చూస్తున్నాడు. ఆరేళ్లయింది. బజారును లేపిన ఆ గొంతు ఇప్పుడు పుప్పాలగూడ కిరాయి గదిలో తనలో తాను మాట్లాడుకుందామన్నా పెగలదు. రోజూ అన్ని వందల మంది ముందు నిలబడే మనిషి ఒంటరివాడంటే ఎవరు నమ్ముతారు? ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి "గట్టన్నా" అంటే చాలని అతని ప్రాణం కొట్టుకునేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బతుకమ్మ పండుగకు జిల్లాల నుంచి జీపుల్లో వచ్చిన ఆడవాళ్లు ఆ ఆఫీసు ముందే, నడిరోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడసాగారు. "గేటు తియ్యకండి, ఎవరితోనూ మాట్లాడకండి" అని చెప్పి భీమేశ్వరరావు పైకి వెళ్లిపోయాడు. తెలంగాణ రావాలని గట్టయ్యకు మాత్రం ఉండదా? అయినా రేకు గేటు మూసి దాని వెనకాల నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

గేటుకున్న చిన్న కిటికీని ఎవరో తట్టారు. గాజుల చెయ్యి ఒకటి లోపలికి వచ్చింది.

"అన్నా, జర మంచినీళ్లియ్యవా? పాడి పాడి గొంతెండింది."

గట్టయ్య చటుక్కున తలెత్తాడు. భూలక్ష్మి! ఆ గొంతు నిద్రలో విన్నా పోల్చుకుంటాడు. నీళ్ల సీసా అందించాడు.

"ఏ ఊరమ్మా?" అని తెలిసే అడిగాడు. ఆరేళ్లుగా వాడక బొంగురుపోయిన ఆ గొంతును ఆమె పోల్చుకోలేదు.

"జమ్మికుంట."

"ఆడ బజార్ల బట్టల దుకాణం ఉంటుండె గదా?"

"అది పోయి ఫోన్ల దుకాణమాయె అన్నా. దాని ముంగట గట్టన్న అని ఒకాయన ఉంటుండె. ఆయన పోయినంక మా బజారు మూగవోయింది. ఈ పట్నంలనే ఏదో కంపెనీల పెద్ద నౌకరి చేస్తున్నడంట. కుర్చీల కూసొని పదిమందికి పని చెప్తడంట. మా బజారోడని అందరికీ చెప్పుకుంటం."

ఊరు విడిచే రోజు చాయ్ బండి దగ్గర గట్టయ్య గొప్పకు పోయి కోసిన కోత అది. పాపం, బజారంతా దాన్ని ఇన్నేళ్లూ నమ్ముకుని ఉంది. "నేనే" అనబోయాడు. అంటే ఆమె వంగి కిటికీలోంచి చూస్తుంది. ఈ టోపీ, ఈ లాఠీ, తమ ముఖం మీదే మూసిన ఈ గేటు కనబడతాయి. ఇన్నేళ్లకు ఆ పిలుపు చెవిన పడింది, పలకడానికి మాత్రం నోరు రాలేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"ఏడన్న కనవడితే భూలక్ష్మి అడిగిందని చెప్పు అన్నా. ఒక్కపారి వచ్చిపొమ్మను" అంటూ ఆమె ఖాళీ సీసా లోపలికి అందించింది.

"చెప్త" అన్నాడు గట్టయ్య.