రంగు మార్చని సబ్బు

మా సైన్సు టీచరుగారు మొన్న మంగళవారం పోయారు. నర్సీపట్నంలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. నేను ఆవిడ పక్కింటిదాన్ని, ఆవిడతో కలిసి సబ్బులు చేసినదాన్ని.

రిటైరయ్యాక కూడా ఆవిడ ఊరికే కూర్చోలేదు. మా వీధి ఆడవాళ్లం డ్వాక్రా గ్రూపు పెట్టుకుంటే, సబ్బులు చేద్దామన్నారు. కాస్టిక్ సోడా పేరు చెబితేనే మాకు హడలు. "ఏటే ఆ బయ్యం? మీ అమ్మమ్మలు బట్టలుతికిన చౌడుమట్టికి ఇది అక్క. కోపం ఎక్కువ, అంతే" అనేవారు. ఆ కోపం నూనెతో చల్లారుతుందట. లెక్క సరిగ్గా కుదిరితే సోడా సోడాగా ఉండదు, నూనె నూనెగా ఉండదు, సబ్బు మిగులుతుంది. కోసిన సబ్బులు నెల పైన ఆరాల్సిందే. "బేగి అమ్మేద్దామండీ" అంటే, "పచ్చిసబ్బు సర్మాన్ని కొరికేస్తాది. ముందు నువ్వు రాసుకుంటావేటి?" అని నా మీద పడేవారు. ఆవిడతో వేగడం అంత సులువు కాదు.

లైసెన్సు కోసం మమ్మల్ని విశాఖపట్నం ఆఫీసుల చుట్టూ తిప్పారు. ఇంట్లో చేసినదాన్ని ఎవరడుగుతారని మేం గొణిగితే, "ఒంటికి రాసుకునేదే. తేడా వస్తే మనల్ని పట్టుకోడానికి అట్ట మీద అడ్రసుండాలా, వద్దా?" అన్నారు.

లైసెన్సయితే వచ్చింది, కొనేవాళ్లే రాలేదు. ఇక గ్రూపు మూసేద్దామనుకుంటుండగా తుని నుంచి ఒక షాపాయన వచ్చాడు. ఎన్ని చేస్తే అన్నీ తీసుకుంటానన్నాడు. అయితే అట్ట మీద 'తెల్లబరుస్తుంది' అని వేయాలట. అప్పుడే టీ తెచ్చిన మా అమ్మాయిని చూపించి, "ఇదిగోనండీ, ఇలాంటి పిల్లలే ఎగబడి కొంటారు" అన్నాడు. అప్పుడది టెన్త్ చదువుతోంది. తల దించేసుకుంది. నేను దాని చేతిలో పళ్లెం అందుకుని ముందు ఆయనకే టీ ఇచ్చాను. ఆ ఆర్డరు మా అందరికీ అవసరం.

టీచరుగారు గ్లాసు కింద పెట్టారు.

"సబ్బు మురికి తీస్తాదండీ. ఈ పిల్ల రంగు మురికి కాదు. మీరు ఎల్లిరండి."

ఆర్డరు పోయింది. గ్రూపులో సగంమంది ఆవిడతో మాటలు మానేశారు. ఉన్న నలుగురం నాతవరం, నక్కపల్లి సంతలకు తిరిగి అమ్ముకున్నాం. పెద్దగా మిగిలింది లేదు. మా అమ్మాయి మాత్రం తెల్లబడాలని మొహానికి దొంగచాటుగా రాసుకునే క్రీము మానేసింది. ఆ ఒక్క మాటకు నేను బతికున్నంతకాలం ఆవిడకు రుణపడి ఉంటాను.

మంగళవారం సాయంత్రం చర్చికి తీసుకెళ్లే ముందు, పెట్టెలో పడుకున్న ఆవిడ మొహానికి బంధువులెవరో పౌడరు దట్టంగా అద్దారు. మా టీచరుగారిది కారునలుపు. ఆ తెల్లటి మొహం ఎవరిదో అనిపించింది. అత్తారింటి నుంచి పరిగెత్తుకొచ్చిన మా అమ్మాయి నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లింది. తువ్వాలు తడిపి తెచ్చి, నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా తుడవడం మొదలుపెట్టింది.

"ఏటే అది, ఉండనీ" అన్నారెవరో.

అది ఆగలేదు. పౌడరంతా పోయి, టీచరుగారి నల్లటి మొహం తడితో మెరిసింది.