ఆరు జట్ల ఆటగాడు

మూడో కాలేజీ కూడా ఇక పాఠాలు చెప్పడానికి రావద్దన్న రోజు, ఇబ్రహీంపట్నం బస్టాండులో కూర్చున్నాను. పక్కన ఒక పొడుగాటి మనిషి మోకాలికి పట్టీ బిగించుకుంటున్నాడు. తాను కబడ్డీలో కూతకు వెళ్లే రైడర్‌నని, తొమ్మిదేళ్లలో ఆరు జట్లు మారానని మాటల్లో చెప్పాడు.

“అన్ని జట్లు నిన్ను వదిలేస్తే బాధ కాలేదా అన్నా?”

“మస్తయింది. మొదటిసారి రెండు దినాలు రూములకెళ్లి బయటికి రాలే. తర్వాత సమజైంది అక్కా. ఒకరు వదిలిన్రని ఏడ్చిన గని, ఇంకొకరు కావాలని అడిగిన్రు గద!”

ఇంతలో ఊరి బస్సు దిగిన, అతని దగ్గర కబడ్డీ నేర్చుకునే ఆడపిల్లలు “సార్, ఆటకు టైమైంది!” అంటూ అతని చుట్టూ మూగారు. కుంటుతూనే నవ్వుతూ వాళ్లతో వెళ్లిపోయాడు.

నేనెక్కిన ఇంటి బస్సు దారిలో బొంగులూరులో ఆగింది. అక్కడో కొత్త కాలేజీ ఉందని విన్నాను. ఇంటికి పోకుండా దిగాను.