దిష్టికి వేలాడదీసిన పాప

ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక బట్టబొమ్మ కూర్చుని ఉంది. దూది నింపిన బొమ్మకు బరువేముంటుంది అంటారా? నేను మోశాను కనుక చెబుతున్నాను, ఉంటుంది. ఇవాళ మీకు చెప్పేస్తాను. నా పేరు మాత్రం అడగకండి. కాగితం ముందేసుకుని కూర్చున్నాను. భయం లేదు, చెప్పబోతున్నానన్న ఆత్రమే ఉంది.

తెలంగాణ కోసం వీధులన్నీ లేచిన రోజులవి. మేము నల్లగొండ పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. పక్క వాటాలో సుజాత, గుంటూరు వైపు పిల్ల. ఇద్దరం కలిసి రవికలు కుట్టేవాళ్లం. నేను నాలుగో తరగతి దాటలేదు, సుజాతకు ఇంగ్లిష్ వచ్చు. అందుకే అమెరికా మేడమ్ మా గడప తొక్కింది. ఆమె నల్లజాతి ఆవిడ. భర్త ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చింది. చిన్నప్పుడు వాళ్ల దేశంలో తనలాంటి బొమ్మ ఒక్కటీ దొరక్క, వాళ్ల అమ్మమ్మ దగ్గర బొమ్మలు చేయడం నేర్చుకుందట. ఆ పని మాకు నేర్పి, చేసిన బొమ్మకింతని కూలి ఇచ్చేది.

అబ్బ, ఆ పని! తలచుకుంటే ఇప్పటికీ వేళ్లు ఆడతాయి. తెల్ల నూలుగుడ్డను చాయ్‌పత్తి డికాక్షన్‌లో మరిగించేవాళ్లం. ఒకసారి ముంచితే గోధుమ రంగు, మళ్లీ మళ్లీ ముంచితే చింతగింజ రంగు. నల్ల ఊలును పుల్లకు చుట్టి తీస్తే ఉంగరాల జుట్టు. మేడమ్ అట్టల మీద పిల్లల్నీ దేవదూతల్నీ గీసిచ్చేది, రంగులు మేము వేసేవాళ్లం. నల్లటి దేవదూత! అంతకుముందు ఎక్కడ చూశాను? రెక్కలకు బంతిపువ్వు రంగు వేసి చూపిస్తే మేడమ్ చప్పట్లు కొట్టింది. బయట ఎల్‌బీ నగర్ వైపు పోయే ర్యాలీల్లో డప్పులు మోగేవి. లోపల మా కుంచెలు కూడా ఆ దరువుకే ఆడేవి.

మేడమ్ తన చేత్తో చేసిన పాప బొమ్మనొకదాన్ని నమూనాగా మా ఇంట్లో ఉంచింది. చిన్నతనంలో వాళ్ల అమ్మమ్మ అలా ఉండేదట. చింతగింజ రంగు ముఖం, రెండు జడలు, పచ్చ గౌను.

అప్పుడే మా ఓనరమ్మ కొత్తిల్లు పక్క సందులో లేస్తోంది. స్లాబు వేసేలోగా దిష్టిబొమ్మ కట్టాలి. బంద్ వల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లన్నీ దిగిపోయాయి. సుజాత ఇంట్లో లేని సమయంలో ఓనరమ్మ పరేషాన్ అవుతూ వచ్చింది.

"బొమ్మలు చేస్తవ్ గదనే, జర ఏదన్న నల్లది ఉంటే ఇయ్యి" అంది.

మేము చేసినవన్నీ మేడమ్ పట్టుకుపోయింది. మిగిలింది ఆ పాపే. అలాంటిది ఇంకోటి చేసి పెడదాంలే అనుకున్నాను. ఇచ్చి ఊరుకున్నానా? నాకు హుషారు కూడా వచ్చింది. ఎర్రగుడ్డతో పొడుగు నాలుక కుట్టాను. తెల్ల దారంతో కోరలు పెట్టాను. కళ్ల చుట్టూ సున్నం పూశాను. "అచ్చం దయ్యమే!" అని ఓనరమ్మ మెచ్చుకుంటే పొంగిపోయాను. నా రంగూ ఆ చింతగింజ రంగే. చిన్నప్పుడు నన్ను ఊళ్లో ఏమేమి పేర్లు పెట్టి పిలిచారో ఒక్కటీ మరిచిపోలేదు. మరి ఆ బొమ్మలో నాకు పసిపిల్ల ఎందుకు కనబడలేదు? కనబడలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కనబడింది. కనబడినా కుట్టాను.

బంద్ అయ్యాక మేడమ్ వచ్చింది. సందులోనే ఆగి, కొత్తింటికి వేలాడుతున్న బొమ్మ వైపు తలెత్తింది. పచ్చ గౌను గుర్తుపట్టింది. నేనూ సుజాతా పరుగెత్తుకెళ్లాం. ఆమె గొంతు పెంచకుండా ఏదో అడిగింది.

"అక్కా, తన అమ్మమ్మనెందుకు ఉరేశారని మేడమ్ అడుగుతున్నారు. బొమ్మ ఎవరిచ్చారంటున్నారు" అంది సుజాత.

ఇసుక కుప్ప దగ్గర నిలబడ్డ ఓనరమ్మ నవ్వింది. "ఏంది గీ లొల్లి? గుడ్డబొమ్మకు!"

నేను సుజాత చెయ్యి పట్టుకున్నాను. "నువ్వే ఇచ్చినవని చెప్పు" అన్నాను.

"నేనా అక్కా?"

"ఆఁ, నువ్వే. చెప్పు."

ఓనరమ్మకు నిజం తెలుసు. నా ముఖం చూసింది. "ఔ, గీ పిల్లనే ఇచ్చింది. ఆంధ్రోళ్లు గింతే" అంది.

సుజాత మేడమ్ వైపు తిరిగి ఇంగ్లిష్‌లో చెప్పింది. నాకు ఆ భాష రాదు. కానీ తన పేరు తానే పలకడం విన్నాను, వేలు తన గుండె మీద పెట్టుకోవడం చూశాను. నేను అన్నది అన్నట్టు చెప్పేసింది. ఒక్క మాట మారిస్తే నాకు తెలిసేదా? ఎందుకు మార్చలేదు? ఇల్లు పోతుందనా? ఆ రోజుల్లో తన మాట ఎవరు నమ్ముతారనా? లేక నన్ను చూసి మనసే విరిగిపోయిందా?

మేస్త్రీ నిచ్చెన వేసి బొమ్మను దించాడు. కోరలతోనే ఆ పాపను గుండెకు హత్తుకుని మేడమ్ వెళ్లిపోయింది. తర్వాత పనంతా నాకే వచ్చింది. సుజాత నెల తిరగకముందే వాటా ఖాళీ చేసింది. పోతూ పోతూ తీగ మీద ఆరిన గుడ్డలు మడతపెట్టి నా గుమ్మంలో పెట్టింది.

నేను ఎన్నో పాపల్ని చేశాను. ఎందరో దేవదూతలకు రెక్కలు దిద్దాను. సంతోషంగానే చేశాను, అదీ చెప్పాలి. రాష్ట్రం వచ్చిందని వీధంతా రంగులు చల్లుకున్న రోజున నేనూ గంతులేశాను. గంతులేస్తూనే ఆ వాటా తలుపు వైపు చూశాను. తమ దేశం వెళ్లిపోయే రోజున మేడమ్ నన్ను కావలించుకుని చెవిలో ఏదో చెప్పింది. అదేమిటో తెలుగులో చెప్పడానికి పక్కన సుజాత లేదు.

ఇప్పుడు సుజాత ఎక్కడుందో తెలియదు. తెలిస్తే వెళ్తానా? మీ దగ్గర అబద్ధమెందుకు, ఏమో. మీరు నన్ను క్షమించనక్కరలేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. నాకు కావలసింది రాయడం. రాస్తున్నాను: ఆ పాపను ఇచ్చింది నేను. నాలుక కుట్టింది నేను. సుజాతకు ఏమీ తెలియదు. ఇంకోసారి రాస్తాను, చేతికి అలవాటు కావాలి. సుజాతకు ఏమీ తెలియదు.