దువ్వెన ముక్క బిగించిన గిటారు

చచ్చినవాళ్లు తిరిగి వస్తారంటే నేను నమ్మను. మా ఆయన పోయాక తొండుపల్లిలో అదే ఇంట్లో ఒక్కదాన్నే పడుకున్నాను. ఏ నీడా కనబడలేదు. ఇప్పుడు చెప్పేది పట్టపగలు జరిగింది. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే మా ఆడపడుచు సలోమి రాస్తోంది. తనూ కళ్లారా చూసింది.

తొంభైల్లో మాట, ఇక్కడ ఇంకా విమానాలు దిగని రోజులు. మా ఆయన దావీదు శంషాబాద్‌లో వడ్రంగం చేసేవాడు. ఆదివారం చర్చిలో బేస్ గిటారు వాయించేవాడు. అదే, పాట కింద దుమ్ దుమ్మని మోగేది. ఆ పిచ్చితోనే పుస్తకాలు పోగుచేశాడు. ఆరాంఘర్ దగ్గర పాత కాగితాల దుకాణానికి విదేశాల కట్టలు వచ్చేవి. వాటిలో రాక్ బ్యాండ్ల అభిమానులు సొంతంగా జిరాక్స్ తీసి పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకాలు దొరికేవి. ఆయనకు బ్యాండ్ పేర్లతో పనిలేదు. వింత బేస్ గిటారు ఫోటో ఉంటేనే తెచ్చేవాడు. తల లేనిది, ఎనిమిది తీగలది, తెడ్డులాంటిది. చదువు రాకపోయినా ఏ గిటారు ఏ పుస్తకంలో ఉందో నేను చెప్పేదాన్ని.

పెళ్లయ్యాక కొన్నాళ్లకు తనే ఒకటి చేసుకున్నాడు. పాత తలుపు చెక్కను మూడు మూలలుగా కోశాడు. బెజ్జం వేసేటప్పుడు చెయ్యి జారి తప్పు చోట పడింది. విరిగిపోయిన నా చెక్క దువ్వెన ముక్కను అందులో బిగించాడు. మూడు పళ్లు బయటికే ఉండిపోయాయి.

"ఇగ గిది గూడ నీ లెక్కనే కొరుకుతది" అని నవ్వాడు.

ఆ గిటారును ఎవరూ ఫోటో తీయలేదు. ఇల్లు, చర్చి తప్ప అది ఎక్కడికీ పోలేదు.

ఆయన కడుపునొప్పితో దవాఖానలో పోయాడు. పుస్తకాలు తేవడం నేను ఆపలేదు. మొగుడు పోయినదానికి గిటారు బొమ్మలెందుకని ఊరు నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం కొత్తగా తెచ్చిన కట్ట విప్పితే, ఒక పుస్తకం నడిమి పేజీలో మా గిటారు ఉంది. ఎవరో సన్నటి తెల్లవాడు మెడలో వేసుకున్నాడు. అవే మూలలు. అదే చోట దువ్వెన ముక్క, మూడు పళ్లతో సహా. మేకుకు వేలాడుతున్న గిటారు దించి పక్కన పెట్టి చూశాను. సలోమి వెనక అట్ట మీద సంవత్సరం చదివింది.

"వదినె, గిది మీ పెండ్లి కన్నా ముందుది."

ఆకారం ఎక్కడైనా కలవచ్చు. చెయ్యి జారిన తప్పు ఎలా కలుస్తుంది?

సంగతి తెలిసి మా బావ, అంటే ఆయన అన్న, కిరసనాయిలు డబ్బాతో వచ్చాడు.

"గిది సైతాను పని, మరియమ్మా. గిటారు, పుస్తకాలు అన్ని బయట వెయ్యి. అంటువెడ్త."

"సైతానుకు నా దువ్వెనతోటి ఏం పని బావా?"

"ఇంట్ల గిసొంటిది ఉంచుకొని ఏ మొఖంతోటి చర్చికి వస్తవు?"

"గీ మొఖంతోటే. గిటారు గూడ తెస్త."

మా ఆయన చేసిన బల్లలు, కుర్చీలు అన్నీ ఎవరెవరి ఇళ్లకో పోయాయి. తనకోసం చేసుకున్నది ఇదొక్కటే. అది కాలితే నాకు ఇంకేం మిగలదు. గడపకు అడ్డంగా కూర్చుని, నన్ను తొక్కుకుంటూ లోపలికి పొమ్మన్నాను. బావ డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు. ఆదివారం గిటారు భుజానికి తగిలించుకుని చర్చికి పోయి, ముందు వరసలో కూర్చున్నాను.

ఆ ఫోటో అంత ముందే ఎలా అచ్చయిందో నాకు ఈరోజుకీ తెలియదు. చదువుకున్నవాళ్లను అడిగితే వాళ్లూ తెలియదన్నారు. తెలియనంత మాత్రాన కాల్చను.